తాగునీటి పైపులకు జెనెటిక్ అల్గారిథమ్: ఏళ్లు వాడాక నా మాట

జెనెటిక్ అల్గారిథమ్ అంటే బోలెడు డిజైన్లను పోటీ పెట్టి, గెలిచినవాటిని కలిపి, కొద్దిగా మార్చి, తరం తర్వాత తరం మెరుగుపరిచే పద్ధతి. ఆ కలపడం (క్రాసోవర్), మార్చడం (మ్యుటేషన్) గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక్క విషయమే చెబుతాను: షరతు (కనీస ప్రెషర్ లాంటిది) తప్పిన డిజైన్‌ని ఈ అల్గారిథమ్ ఏం చేస్తుంది? ఊళ్ల తాగునీటి నెట్‌వర్క్‌లకు పైపు సైజులు ఎంచడానికి ఏళ్లుగా వాడుతున్నాను. దాని మంచీ చెడూ నాకు తెలిసొచ్చింది అక్కడే.

మొదట్లో మా దగ్గరున్న ప్రోగ్రాం పెనాల్టీ పద్ధతిది. ఒక అంతస్తు ఇళ్లకు 1999 నాటి సీపీహెచ్ఈఈఓ (కేంద్ర ప్రభుత్వ తాగునీటి ఇంజనీరింగ్ సంస్థ) మాన్యువల్ ప్రకారం కనీసం 7 మీటర్ల ప్రెషర్, అంటే నీరు అంత ఎత్తుకు ఎక్కగలిగే ఒత్తిడి, ఉండాలి. అంతకంటే తగ్గిన ప్రతి మీటరుకూ ఇంత జరిమానా (పెనాల్టీ) అని ఆ ప్రోగ్రాం ఖర్చులో కలిపేది. ఒక ఊరికి నడిపితే ఖర్చు బాగా తగ్గింది, ఆఫీసులో అందరూ సంతోషించారు. పైపుల్లో నీటి ప్రెషర్ లెక్కగట్టే ఎపానెట్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఒక్కో నోడ్ (పైపులు కలిసే చోటు) చూసుకుంటూ వెళ్తే, లైను చివరనున్న టెయిల్ ఎండ్ కాలనీలో ప్రెషర్ 4 మీటర్లు! ఆ కాలనీకి వెళ్లే పొడుగాటి లైన్‌ని 110 ఎంఎం నుంచి 75కి దించేసింది. పైపు మీద మిగిలే డబ్బు కంటే పెనాల్టీ తక్కువ, అందుకే తరం తర్వాత తరం ఆ డిజైనే గెలుస్తూ వచ్చింది. పెనాల్టీ బాగా పెంచితే ఇంకో గొడవ: హద్దుకు దగ్గరగా ఉన్న చవక డిజైన్లన్నీ మొదట్లోనే పోయి, లావు పైపుల దగ్గరే ఆగిపోయేది. ప్రతి ఊరికీ ఆ అంకెను కొత్తగా వెతుక్కోవాల్సిందే.

పైమూ (pymoo) అనే పైథాన్ లైబ్రరీకి మారాక ఆ టెన్షన్ పోయింది. అందులో కల్యాణ్‌మయ్ దేబ్ 2000లో ప్రచురించిన నియమం ఉంది. రెండు డిజైన్లలో షరతులు తీర్చినదే ఎప్పుడూ గెలుస్తుంది. రెండూ తీరిస్తే చవకది, రెండూ తీర్చకపోతే లోటు తక్కువున్నది. పెనాల్టీ అంకే అక్కర్లేదు. కాలనీ నీళ్లను డబ్బుతో బేరమాడే దారి మూసుకుపోయింది. ఇంత చిన్న నియమం ఇంత పని చేయడం నాకు ఇప్పటికీ ఆనందమే.

అలాగని పూర్తి నిశ్చింత లేదు. షరతు తీరితే చాలు కాబట్టి, ఫలితం 7.02, 7.05 దగ్గర వచ్చి ఆగుతుంది. ఊళ్లో నాలుగిళ్లు పెరిగితే ఆ మిగులు కరిగిపోతుంది. అందుకే నేను 9 మీటర్లు అడుగుతాను. సీడ్ (యాదృచ్ఛిక ఎంపికలు మొదలయ్యే అంకె) మారిస్తే జవాబూ మారుతుంది. అందరూ పరీక్షకు వాడే హనోయ్ నెట్‌వర్క్‌లో 34 పైపులు, 6 సైజులే. అయినా కలయికలు 6ని 34 సార్లు వేసి గుణించినన్ని. ఇదే అన్నిటికంటే చవక అని ఏ రన్నూ హామీ ఇవ్వదు. వేర్వేరు సీడ్‌లతో నడిపి పోల్చుకోవాలి.

నా పని ఎక్కువగా లూపులున్న, అంటే పైపులు చుట్టు తిరిగి మళ్లీ కలిసే నెట్‌వర్క్‌లతో. రాత్రి నడవనిచ్చి పొద్దున చూసుకునే వీలుంది, కాబట్టి నాకు కుదిరింది. ఒకే ట్యాంకు నుంచి కొమ్మలుగా చీలిపోయే చిన్న స్కీమ్ అయితే ఇంత హైరానా అనవసరం. ఐఐటీ బాంబే వాళ్ల జల్‌తంత్ర అనే పైపు డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంది, అలాంటివాటికి నేనూ అదే తెరుస్తాను.