ప్రపంచ మతాల పార్లమెంట్: వేదిక మీద కన్నా పంక్తిలోనే మాట సాగుతుంది

పేరులో పార్లమెంట్ అని ఉన్నా ఇక్కడ ఓట్లు, తీర్మానాలు, చట్టాలు ఉండవు. వచ్చేవాళ్లలో చాలామందికి తమ మతం తరఫున మాట ఇచ్చే అధికారం కూడా ఉండదు. షికాగో కేంద్రంగా పనిచేసే ఒక సంస్థ కొన్నేళ్లకోసారి ఏదో ఒక నగరంలో జరిపే పెద్ద సమావేశం ఇది. రుసుము కట్టి ఎవరైనా వెళ్లొచ్చు, ఏ మతమూ లేనివాళ్లు కూడా. డబ్బు, సెలవు, విమానం ఖర్చు పెట్టి వెళ్లాల్సింది కాబట్టి దీన్ని ఒక సేవగానే చూసి బేరీజు వేయడం న్యాయం. ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు. ఆ మూడున్నరలో ఎక్కువ భాగం పర్యావరణ చర్చలకూ, నేల మీద కూర్చుని తినే భోజనానికీ పోతుంది.

తెలుగువాళ్లు దీన్ని వివేకానందుడి పేరుతోనే గుర్తుపడతారు. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఆయన తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశం గురించి మాట్లాడారు. అదే ఏడు సెప్టెంబర్ 11న షికాగో సభలో నిలబడ్డారు. ఆ సభ జరిగిన భవనమే ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. దాని ముందున్న మిషిగన్ అవెన్యూ భాగానికి ఆయన పేరు పెట్టారు. 2023 ఆగస్టు 14 నుంచి 18 దాకా జరిగిన సభ మాత్రం అక్కడ కాదు, దక్షిణాన సరస్సు ఒడ్డున ఉన్న మెకార్మిక్ ప్లేస్‌లో. వివేకానందుడి హాలు చూడాలనుకునేవాళ్లు దానికి వేరే పూట పెట్టుకోవాలి. ఈ రెండింటినీ ఒకటే చోటు అనుకుని వెళ్తే నిరాశ తప్పదు.

1893 సభను గొప్పగా చెప్పుకుంటాం గానీ దానికి కొరతలు లేకపోలేదు. అమెరికా ఆదివాసులకు చోటు లేదు, సిక్కులు లేరు. ఇస్లాం తరఫున ప్రధానంగా మాట్లాడింది మతం మారిన అమెరికన్ అలెగ్జాండర్ వెబ్ ఒక్కరే. నూరేళ్ల తర్వాత 1993లో సభను మళ్లీ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ కొరత తీర్చడం మీదే నిర్వాహకులు గట్టిగా పనిచేశారు, అది కళ్లకు కనిపిస్తుంది. 2018లో టొరంటో సభ ఆదివాసుల పవిత్రాగ్ని వెలిగించడంతో మొదలైంది.

సభలకు కచ్చితమైన వ్యవధి లేదు. 1993 షికాగో, 1999 కేప్‌టౌన్, 2004 బార్సిలోనా, 2009 మెల్‌బోర్న్, 2015 సాల్ట్‌లేక్ సిటీ, 2018 టొరంటో, 2021 ఆన్‌లైన్, 2023 మళ్లీ షికాగో. ఒకసారి ఆరేళ్ల ఎడం, ఒకసారి రెండేళ్లే. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు తేదీలు వెలువడిన రోజే వీసా పని మొదలుపెట్టాలి. సభ కార్యక్రమ పట్టిక వచ్చాక చూద్దాంలే అనుకుంటే అపాయింట్‌మెంట్ దొరక్క ఆగిపోతారు. రుసుము ముందుగా కట్టినవాళ్లకు, విద్యార్థులకు తగ్గుతుంది.

లోపలికి అడుగుపెట్టాక మొదటి ఇబ్బంది పట్టికతోనే. వందల కార్యక్రమాలు, ఒకే సమయానికి పదుల గదులు. ఎవరైనా ప్రతిపాదన పంపొచ్చు, అందుకే నాణ్యత గదికో రకంగా ఉంటుంది. ఒక గదిలో ముప్ఫై ఏళ్లుగా నదీ జలాల మీద పనిచేసిన మనిషి ఉంటారు, పక్క గదిలో తమ గురువుగారి గొప్పతనం చెప్పుకునేవాళ్లుంటారు. శీర్షిక చూసి ఎంచుకుంటే మోసపోతారు. వక్తల వరుస చూడాలి. ఐదుగురు వక్తలు, ఐదు మతాలు, విషయం ‘శాంతి’ అని ఉంటే వదిలేయండి: ఒక్కొక్కరూ తమ గ్రంథంలోంచి ఒక మంచి వాక్యం చదువుతారు, అందరూ తలూపుతారు, ప్రశ్నలకు సమయం మిగలదు. ఇద్దరే వక్తలు, ఒకే ఇరుకైన ప్రశ్న ఉన్నచోట కూర్చోండి. రోజుకు మూడు గదులు మించి పెట్టుకోవద్దు. నాలుగోదానికి చెవులు పనిచేయవు.

మధ్యాహ్నం మాత్రం లంగర్, అంటే సిక్కులు అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, వదులుకోవద్దు. 2004లో బార్సిలోనాలో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన సిక్కులు సముద్రపు ఒడ్డున డేరా వేసి రోజూ వేల మందికి వండిపెట్టారు. ఆ ఆనవాయితీ తర్వాతి సభల్లోనూ కొనసాగింది. చెప్పులు బయట విప్పాలి, తలకు గుడ్డ కట్టుకోవాలి (లేనివాళ్లకు అక్కడే ఇస్తారు), చేతులు కడుక్కుని నేల మీద పరిచిన పట్టాల మీద వరుసలో కూర్చోవాలి. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి. పప్పు, అన్నం, కూర. కావలసినంత అడగొచ్చు, పారేయకూడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడకుండా కుర్చీ అడగాలి. సహపంక్తి భోజనం అనే మాట వెనక ఎంత గొడవ ఉందో మన ఊళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. యూదుల గురువైన రబ్బీ పక్కన ఇమాం, ఆయన పక్కన ఏ దేవుణ్నీ నమ్మని జీవశాస్త్ర విద్యార్థి, ముగ్గురి విస్తట్లోకీ ఒకే గరిటె. వేదిక మీద అడగలేని ప్రశ్న ఇక్కడ తేలిగ్గా నోటికొస్తుంది: మీవాళ్లు హలాల్ మాంసం గురించి ఏమంటున్నారు, మీ గుళ్లో పూలన్నీ చివరికి ఎక్కడ పారేస్తారు, అని.

పర్యావరణం విషయంలో ఈ సంస్థ నిజంగా ఒక పనిముట్టు చేసి ఇచ్చింది. 1993లో స్విస్ వేదాంతి హాన్స్ క్యూంగ్ ముసాయిదాతో ‘విశ్వ నీతి’ ప్రకటన వచ్చింది. అందులో నాలుగు నిబద్ధతలు: అహింస, న్యాయమైన ఆర్థిక వ్యవస్థ, సత్యం, స్త్రీ పురుష సమానత్వం. బౌద్ధులు కూడా ఒప్పుకునేలా ‘దేవుడు’ అనే మాటే వాడకుండా రాశారు. 2018లో ఐదోది చేర్చారు: భూమి సంరక్షణ. మిగతా నాలుగింటిలాగే ఇదీ ఒక పాత ఆజ్ఞ మాదిరిగా మొదలవుతుంది. అత్యాశ పడకు. దాన్నే తిప్పి చెబితే, అందరి మేలూ గుర్తుంచుకో. ‘భూమిని ప్రేమించు’ అని కాకుండా ‘అత్యాశ పడకు’ అని మొదలుపెట్టడంలోనే దీని బలం ఉంది. మొదటిది అన్నవాణ్ని ఏమీ అడగదు. రెండోది మన పెళ్లిళ్ల ఖర్చు దగ్గరికీ, ఆలయాల కరెంటు బిల్లు దగ్గరికీ వచ్చి నిలబడుతుంది. లోపం కూడా అక్కడే ఉంది. ఎవరు ఎప్పటిలోగా ఎంత తగ్గించాలో ప్రకటన చెప్పదు, ఆ లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాల్సిందే.

తగ్గించిన ఒకటిన్నర మార్కు ఎక్కువగా విజ్ఞానశాస్త్రం ఖాతాలోది. 1893లో సభకు ప్రత్యేకంగా ఒక వైజ్ఞానిక విభాగమే ఉండేది. విజ్ఞానమంటే ఏకత్వం కోసం వెతుకులాటే అని వివేకానందుడు సెప్టెంబర్ 19 పత్రంలో వాదించారు. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఎక్కువగా వాతావరణ సదస్సుల్లో కనిపిస్తారు, అదీ గణాంకాలు చెప్పి దిగిపోవడానికి. జన్యు సవరణ, కృత్రిమ మేధ, మెదడు, మరణ నిర్వచనం లాంటి వాటి మీద ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునే చర్చ అరుదు. దీనికి మంచి నమూనా 1987లో ధర్మశాలలో దలైలామా, నాడీశాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో వరేలా మొదలుపెట్టిన మైండ్ అండ్ లైఫ్ సంభాషణలు. ఉదయం ఒకే శాస్త్రవేత్త చెప్పాలి, మధ్యాహ్నమంతా దాని మీదే చర్చ. రోజుకొక విషయం, అంతే. 2021 అక్టోబర్ 4న వాటికన్‌లో దాదాపు నలభై మంది మత పెద్దలు గ్లాస్గో వాతావరణ సదస్సు కోసం విజ్ఞప్తి మీద సంతకాలు పెట్టారు. అంతకు ముందు నెలల తరబడి శాస్త్రవేత్తలతో ఆన్‌లైన్‌లో కూర్చున్నారు. ఆ ఓపిక ఐదు రోజుల తిరునాళ్లలో దొరకదు.

వెళ్లలేనివాళ్లు దిగులుపడక్కర్లేదు. ప్రకటన పాఠం సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఐదో నిబద్ధత ఉన్న పేజీలు చాలు. మీ ఊళ్లోనే చిన్న గుంపుగా కూర్చోండి: ఎనిమిది మంది, గంటన్నర, ఒక్క ప్రశ్న. ప్రశ్న ‘నీళ్లు’ అయితే ఒకే కాగితం మీద నాలుగు వాక్యాలు పెట్టండి: తైత్తిరీయ ఉపనిషత్తులోని ‘ఆపో వా అన్నమ్’ (నీళ్లే అన్నం), సిక్కుల ప్రార్థన జపుజీ చివర్న వచ్చే గాలి గురువు, నీరు తండ్రి, భూమి తల్లి అన్న శ్లోకం, పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడంలో) నీళ్లు వృథా చేయొద్దన్న ప్రవక్త మాట (హదీసు), తోటను సేద్యపరచి కాపాడమన్న బైబిలు ఆదికాండం 2:15. ఒక్కో వాక్యాన్ని ఆ మతం కానివాళ్లు పైకి చదవాలి, ఆ మతంవాళ్లు చివర్లో మాట్లాడాలి. ఈ వరుస తప్పితే మొదటి పది నిమిషాల్లోనే ‘ఇది మా గ్రంథంలో ఎప్పుడో చెప్పారు’ అనే పోటీ మొదలవుతుంది, ఇక ఆగదు. చివరి అరగంట ఒకే ప్రశ్నకు ఉంచండి: ఈ వాక్యం మావాళ్లు ఎక్కడ పాటించడం లేదు? జవాబు ఎవరి మతం గురించి వాళ్లే చెప్పాలి. గుంపులో రసాయనశాస్త్రం తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం తయారైనప్పుడే జిప్సంగా గట్టిపడి ఉంటుందనీ, నీళ్లలో తేలిగ్గా కరగక అడుగున పేరుకుంటుందనీ, రంగుల్లోని సీసం వేరే గొడవ అనీ వాళ్లు చెప్పాకే మాట మన ఊరి చెరువు గట్టుకు చేరుతుంది.