కిండిల్ పేపర్‌వైట్: కడప ఎండల్లో రెండు రోజుల తెలుగు చదువుకు ఆగుతుందా?

మే నెలలో శని, ఆదివారాలు నలుగురూ కలిసి పందెం వేసుకుని చదివే పఠన మారథాన్‌కు కిండిల్ (అమెజాన్ అమ్మే, ఈ-పుస్తకాలు చదివే పరికరం) కొనొచ్చా అంటే, యంత్రం వరకు కొనొచ్చు. తెలుగు పుస్తకం మాత్రం అందులో వడ్డించిన విస్తరిలా దొరకదు. 2016 డిసెంబరులో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చినప్పుడు ఆ వరసలో మన భాష లేదు. ఇక్కడివాళ్ళు దాంట్లో చదివేది ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే కాబట్టి, మార్కులు వేయాల్సింది వాటిని ఎలా చూపిస్తుందన్న దాన్ని బట్టే.

ముందు తెర సైజు చూసుకోవాలి. తెలుగు పుస్తకాలు చాలావరకు డెమ్మీ సైజు, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. మామూలు ఆరంగుళాల కిండిల్‌లో ఆ పేజీని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే అక్షరం అచ్చులో ఉన్నదాంట్లో సగానికి కాస్త పైన నిలుస్తుంది. ఘకీ ఫకీ తేడా తెలియదు, వత్తులు నల్లటి చుక్కలైపోతాయి, గంటకే కళ్ళు లాగుతాయి. 2025లో మన దేశంలో రూ.16,999కు వచ్చిన 12వ తరం పేపర్‌వైట్ తెర ఏడంగుళాలు. అందులో అదే పేజీ మూడింట రెండు వంతులకు వస్తుంది. చుట్టూ మార్జిన్లు కత్తిరిస్తే దాదాపు ఎనభై శాతం. తెలుగు కోసమే కొనేవాళ్ళు ఆరంగుళాల జోలికి పోకపోవడం మేలు.

మార్జిన్లు తీయడానికి కంప్యూటర్‌లో కే2పీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. దాని డిఫాల్ట్ పద్ధతి పదాలను విడగొట్టి మళ్ళీ పేరుస్తుంది. తెలుగుకు అది వద్దు, స్కాన్ కాస్త వంకరగా ఉంటే చాలు, కింది వత్తులు పై వరసను వదిలేస్తాయి. ‘ట్రిమ్ మార్జిన్స్’ ఎంచుకోండి. కళ్ళజోడు వాళ్ళకైతే ‘ఫిట్ విడ్త్’: తెర అడ్డంగా తిరుగుతుంది, అక్షరం అచ్చుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది, కాకపోతే ఒక్కో పేజీ రెండు మూడు తెరలవుతుంది. పందెంలో పేచీ వచ్చేది ఇక్కడే. కిండిల్ చూపే పేజీల లెక్క పట్టుకుంటే మీరు రెండు మూడింతలు చదివినట్టు లెక్క! పేజీ మీద అచ్చయిన అంకెనే లెక్కకు తీసుకోవాలని శనివారం పొద్దున్నే ఒప్పందం చేసుకోండి.

పీడీఎఫ్‌ను వైర్‌తోనే ఎక్కించండి. ఈమెయిల్‌లో పంపితే 50 ఎంబీ, వెబ్‌సైట్ నుంచి పంపితే 200 ఎంబీ హద్దు. పాత పుస్తకాల రంగుల స్కాన్లు దాన్ని తేలిగ్గా దాటేస్తాయి, పేజీ తిరగడానికీ సతాయిస్తాయి. నలుపు తెలుపులోకి మారిస్తే రెండు బాధలూ తగ్గుతాయి.

యూనికోడ్ ఈపబ్ (స్కాన్ కాకుండా అక్షరాలుగానే ఉండే ఈ-పుస్తకం ఫైల్) దొరికితే సంబరపడే ముందు ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ అన్న పదాలు వెతికి చూడండి. వత్తులు అక్షరం కింద కాకుండా విడిగా పక్కన పడితే ఆ ఫైల్ చదవలేరు. అప్పుడు కంప్యూటర్‌లోనే పేజీ సైజును 4.2 × 5.6 అంగుళాలు పెట్టి, నోటో సెరిఫ్ తెలుగు 12 పాయింట్లలో పీడీఎఫ్ చేసుకుంటే ఏ తంటా ఉండదు, ఫాంట్ ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి.

ఇక ఎండ. కిండిల్ పని చేయడానికి కంపెనీ చెప్పే వేడి హద్దు 35 డిగ్రీలు. కడపలో మే మధ్యాహ్నం 40 దాటడం మామూలే. పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఇంట్లో కూలర్ ముందే చదవాలి. కాగితం పుస్తకమైతే ఆ తేమకు మెత్తబడి, గాలికి పేజీలు ఎగురుతూ ఉంటాయి, దీనికి ఆ గొడవ లేదు. చార్జింగ్ తెల్లవారుజామునే పెట్టుకోండి, వేడి మీద వేడి బ్యాటరీకి మంచిది కాదు. బండి డిక్కీలో అస్సలు వదలొద్దు. సాయంత్రం మిద్దె ఎక్కాక కూడా దాన్ని కడప బండల మీద పెట్టకండి, పొద్దంతా తాగిన ఎండను అవి రాత్రి దాకా కక్కుతూనే ఉంటాయి. చెమట చుక్క తెర మీద పడితే పేజీ దానంతటదే తిరుగుతుంది, పక్కన ఒక పొడి గుడ్డ ఉండాలి. ఉగ్గాని, బజ్జీ తిన్న వేళ్ళకూ ఆ గుడ్డే.

కరెంటు పోతే మాత్రం దీనికి సాటి లేదు. పన్నెండు వారాల బ్యాటరీ అని కంపెనీ అనేది వైఫై ఆపేసి రోజుకు అరగంట చదివే లెక్కన, అంటే 42 గంటలు. స్కాన్లు ఎక్కువ తింటాయి, అయినా రెండు రోజులకు ఢోకా లేదు. రాత్రి మిద్దె మీద వెలుతురు బాగా తగ్గించి, పసుపు ఛాయ పెంచితే కళ్ళకు హాయి. ఒక జల్లు పడిన రాత్రి ఉసిళ్ళు ఎలాగూ వస్తాయి, బల్బు కిందకంటే తక్కువ వస్తాయంతే.

ఇంత తతంగానికి ఓపిక లేనివాళ్ళు ఆ డబ్బు మిగుల్చుకుని అచ్చు పుస్తకాలే పట్టుకోవచ్చు. కొనేవాళ్ళు శుక్రవారం రాత్రికల్లా ఫైళ్ళన్నీ ఎక్కించి, ఒక్కోదాంట్లో నడిమి పేజీ తెరిచి చూసుకోండి. పాత స్కాన్లలో మొదటి పది పేజీలు శుభ్రంగా ఉండి, తర్వాత లోపలి అంచున అక్షరాలు తెగిపోయినవి చాలానే ఉంటాయి.