350 రూపాయల “ఒరిజినల్” ఎస్‌టీ-లింక్ నా బోర్డును కాల్చింది, కొనేవాళ్లు జాగ్రత్త

నేను కొన్న ఆన్‌లైన్ సైటులో ఎస్‌టీ-లింక్ వీ2 (కంప్యూటర్ నుంచి చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే పరికరం) అని వెతికితే మొట్టమొదట వచ్చే విక్రేత ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. “నూటికి నూరు శాతం ఒరిజినల్” అని ఎర్ర అక్షరాలతో వేసుకున్నాడే, ఆ మహానుభావుడే. పెన్‌డ్రైవ్ ఆకారం, నీలం అల్యూమినియం తొడుగు, 350 రూపాయలు. నా పాత ప్రోగ్రామర్ చెడిపోయి, పంపు కంట్రోలర్ బోర్డు పని ఆగిపోయిందని హడావుడిగా తెప్పించాను.

తొడుగు మీద పది పిన్నుల పేర్లు అచ్చేసి ఉన్నాయి. చదువు వచ్చినవాడిని కదా, చక్కగా చదివి ఆ ప్రకారమే నాలుగు వైర్లు కలిపాను: ఎస్‌డబ్ల్యూడీఐఓ, ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే (ఈ రెండూ ప్రోగ్రామ్ ఎక్కించే ఎస్‌డబ్ల్యూడీ వైర్లు), గ్రౌండ్, 3.3 వోల్టులు. యూఎస్‌బీలో పెట్టగానే బోర్డు మీది దీపం ఎన్నడూ లేనంత ధగధగా వెలిగింది. కంప్యూటర్‌లో మాత్రం చిప్ దొరకడం లేదని సందేశం. వైరు వదులైందేమో అని సర్దబోతే బోర్డును నడిపే ఎస్‌టీఎం32 చిప్ తగిలి వేలు చురుక్కుమంది. వెంటనే పీకేశాను కానీ అప్పటికే అయిపోయింది.

మల్టీమీటర్ పెట్టి చూస్తే, 3.3 అని రాసి ఉన్న పిన్ను దగ్గర నిక్షేపంగా 5 వోల్టులు. తొడుగును మెల్లగా జరిపి లోపల చూశాను. చిన్న పచ్చ బోర్డు మీద తెల్లటి అక్షరాల్లో పిన్నుల పేర్లు వేరే వరుసలో ఉన్నాయి. పైన 3.3 అని ఉన్న చోట లోపల 5. ఒక రకం బోర్డుకు ఇంకో రకం తొడుగు తొడిగి అమ్మేశారన్నమాట. నా బోర్డు మీది చిప్ ఎస్‌టీఎం32ఎఫ్103, అది తట్టుకోగల గరిష్ఠ వోల్టేజీ 4. దాని పక్కనున్న లోరా రేడియోది (దూరానికి వైర్లు లేకుండా సమాచారం పంపే చిప్) ఇంకా తక్కువ, 3.9. రెండూ పోయాయి.

లోపలి రాత, పైరాత పక్కపక్కన పెట్టి ఫోటో తీసి విక్రేతకు పంపాను. వచ్చిన జవాబు ఇది: “తొడుగు తీశారు సార్. తీసిన వస్తువుకు వాపసు లేదు.” తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. “ఎంతోమంది కొన్నారు, అందరికీ పనిచేస్తోంది. కనెక్షన్ ఇవ్వడం రాకపోతే తెలిసినవాళ్లతో చేయించుకోండి” అన్నాడు. చివర ఒక నవ్వు ముఖం బొమ్మ కూడా! డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వు ముఖానికి ఒళ్లు మండిపోతోంది. తప్పుడు రాత అచ్చేసి అమ్మినవాడు, ఆ రాతను నమ్మి పాటించినవాడికి పాఠం చెబుతున్నాడు. మరి ఒరిజినల్ అన్నారు కదా అంటే “లోపల చిప్ ఒరిజినల్ సార్” అని ఇంకో ముక్క. ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు.

350 రూపాయలకు ఒరిజినల్ ఇచ్చే దానకర్ణుడు దొరికాడని మురిసిపోయాను చూడండి, నన్ను అనాలి. ఈ చిప్‌లు తయారుచేసే ఎస్‌టీ కంపెనీ అసలు వీ2 ఈ ఆకారంలో ఉండనే ఉండదు. అది తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, 20 పిన్నుల కనెక్టర్‌తో వస్తుంది. పైగా అది బోర్డుకు కరెంటు ఇవ్వడానికి చేసింది కాదు, బోర్డులో ఎన్ని వోల్టులున్నాయో చూసుకుంటుంది, అంతే. దానితో అయితే ఈ ప్రమాదానికి తావే లేదు.

మీ దగ్గర ఈ నీలం డాంగిల్ ఉంటే, బోర్డుకు తగిలించకముందే యూఎస్‌బీలో పెట్టి ప్రతి పిన్నునూ మల్టీమీటర్‌తో కొలవండి. బోర్డుకు వేరే సరఫరా ఉంటే డాంగిల్ 3.3 వైరు అసలు కలపొద్దు, గ్రౌండ్, రెండు ఎస్‌డబ్ల్యూడీ వైర్లు కలిపితే చాలు. ఇంకొకటి, ఈ నకళ్లలో చాలావాటికి ఆర్‌ఎస్‌టీ (రీసెట్) పిన్ను ఎస్‌టీఎం8 అనే వేరే రకం చిప్‌ల కోసమే పనిచేస్తుంది. మీ కోడ్ పొరపాటున ఎస్‌డబ్ల్యూడీ పిన్నులను ఆపేస్తే డాంగిల్ తనంతట రీసెట్ పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లలేదు, రీసెట్ బటన్ చేత్తో నొక్కిపట్టో, బూట్0 జంపర్ (చిప్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పేది) మార్చో తిప్పలు పడాలి. ఎస్‌టీ వాళ్ల ప్రయోగాల బోర్డు న్యూక్లియో-64 ఒకటి కొనుక్కుంటే దాని మీదే అసలు ఎస్‌టీ-లింక్ ఉంటుంది. పాత రకాల్లో సీఎన్2 అని రాసి ఉన్న చోటి రెండు జంపర్లు తీసేస్తే బయటి చిప్‌లకూ వాడుకోవచ్చు. నేనూ అదే ఆర్డర్ పెట్టాను, ఈసారి వేరే విక్రేత దగ్గర.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. ఇదే విక్రేత దగ్గర ఇలాగే మోసపోయినవాళ్లు ఉంటే లోపలి బోర్డు ఫోటో తీసి పెట్టుకోండి, పైరాత కూడా కనబడేలా.