సొంత మెయిల్ సర్వర్ దీర్ఘకాల సమీక్ష: అందుకోవడం తేలిక, పంపడమే తలనొప్పి

చిన్న వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ని మనకు చూపించేది), ఆర్‌స్పామ్‌డి (స్పామ్ వడపోత). ఏళ్ల తరబడి వాడాక, వచ్చే మెయిల్ గురించి బెంగ అక్కర్లేదని గట్టిగా చెప్పొచ్చు. మన సర్వర్ ఒక రోజంతా పడిపోయినా అవతలి సర్వర్ క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది; పోస్ట్‌ఫిక్స్‌లో ఆ గడువు డిఫాల్ట్‌గా 5 రోజులు. చిక్కంతా పంపే మెయిల్‌తోనే.

వీపీఎస్ కొనేముందే రెండు విషయాలు అడగండి: పోర్ట్ 25 (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే దారి) బయటికి తెరుస్తారా, పీటీఆర్ రికార్డు (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) పెట్టుకోనిస్తారా? కాదంటే మిగతా శ్రమ దండగ. పీటీఆర్‌లోని పేరు తిరిగి అదే ఐపీకి చేరాలి. చాలామంది బోల్తాపడేది ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) దగ్గర. పాత తరహా ఐపీవీ4కి పీటీఆర్ పెట్టేసి ఐపీవీ6కి పెట్టడం మరిచిపోతారు. అప్పుడు కొన్ని మెయిళ్లు పోతాయి, కొన్నిటిని జీమెయిల్ 550 5.7.25 అంటూ తిప్పికొడుతుంది. పీటీఆర్ కుదరకపోతే పోస్ట్‌ఫిక్స్‌ను ఐపీవీ4కే కట్టేయండి.

ఎస్‌పీఎఫ్‌లో (మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) డీఎన్‌ఎస్ లుకప్‌లు 10 దాటకూడదు, అంతే. డీకిమ్‌కి (పంపే మెయిల్‌పై పెట్టే డిజిటల్ సంతకం) కాస్త ఓపిక కావాలి. డీఎన్‌ఎస్‌లో పెట్టే 2048 బిట్ల కీ ఒక టెక్స్ట్ స్ట్రింగ్‌కున్న 255 అక్షరాల్లో పట్టదు. రెండు ముక్కలు చేసి, దేని కోట్స్ దానికి పెట్టాలి. అతికించేటప్పుడు ఒక్క అక్షరం జారినా సంతకం చెల్లదు. డీమార్క్ (ఆ రెండు తనిఖీలూ తప్పితే ఏం చేయాలో చెప్పే రికార్డు) మొదట 'నన్' (ఏ చర్యా వద్దు) మీద ఉంచి, రిపోర్టులు చూశాకే బిగించండి.

స్పామ్‌హౌస్ లిస్టులను (స్పామ్ పంపే ఐపీల జాబితాలు) పబ్లిక్ రిజాల్వర్ (అందరూ వాడే డీఎన్‌ఎస్ సర్వర్) ద్వారా అడిగితే 127.255.255.254 అని జవాబొస్తుంది. అది ఎర్రర్ కోడ్. ఏ జవాబొచ్చినా 'లిస్టులో ఉంది' అనుకునే సెటప్ అయితే మంచి మెయిల్ మొత్తం గుమ్మంలోనే ఆగిపోతుంది. సర్వర్‌లోనే అన్‌బౌండ్ (సొంత డీఎన్‌ఎస్ రిజాల్వర్) నడపండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మెయిల్ స్పామ్‌లో పడొచ్చు. లాగ్‌లో 250 కనిపిస్తే అవతలివాళ్లు తీసుకున్నారని మాత్రమే అర్థం, ఇన్‌బాక్స్‌లో పెట్టారని కాదు. అదే ఐపీ బ్లాకులో పక్కవాడు స్పామ్ పంపితే ఆ మచ్చ మనకీ అంటుతుంది, మన చేతుల్లో ఏమీ ఉండదు. అందుకే మొండికేసే డొమైన్లకు మాత్రం ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌తో (ఏ డొమైన్‌కి ఏ దారో చెప్పే పోస్ట్‌ఫిక్స్ పట్టిక) రిలే (మన తరఫున మెయిల్ చేరవేసే వేరే సర్వర్) ద్వారా పంపడమే నయం. ఆ రిలేని ఎస్‌పీఎఫ్‌లో చేర్చండి. డీకిమ్ సంతకం మన సర్వర్‌లోనే జరగనివ్వండి. బిల్లులు, ఉద్యోగ దరఖాస్తులు పంపే అడ్రస్ అయితే రిలే మొదటి రోజే పెట్టేయండి.