రిలే టక్కుమంది కదా అని నమ్మకండి: ఎస్పీ రోడ్డులో యాంప్ బోర్డు కొనేవాళ్లకు

బెంగళూరులో ఉంటూ ఇంట్లోకి సొంతంగా సబ్‌వూఫర్ (బాస్ శబ్దాల స్పీకర్) కట్టుకుందామనుకుంటున్న వాళ్లు ఇది చదివాకే ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లండి. నాకు 6,450 రూపాయలు పోయాయి. యాంప్లిఫయర్ బోర్డు 1,850, ట్రాన్స్‌ఫార్మర్ 1,400, కాలిపోయిన పదంగుళాల వూఫర్ 3,200. ఆ వూఫర్ బోర్డు అమ్మిన షాపులో కొన్నది కూడా కాదు, అదే ఎక్కువ బాధ.

ఓ శనివారం కేఆర్ పురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్‌పేట్‌లో దిగి నడిచాను. ఒక సందులో షాపు. నా వచ్చీరాని కన్నడం విని ఓనరు తెలుగులోకి దిగాడు. "యా ఊరు బ్రదర్ మీది?" అన్నాడు. మదనపల్లె అన్నా, అన్నాను. "అట్లనా, మాదీ ఆ పక్కే" అన్నాడు. అక్కడితో నా బేరం సగం చచ్చింది.

టీడీఏ 7294 అనే యాంప్లిఫయర్ ఐసీతో (చిప్) చేసిన మోనో బోర్డు ఇచ్చాడు. మీద 600 వాట్లు అని స్టిక్కరు. స్విచ్ వేస్తే ఎల్ఈడీ వెలిగింది, మూడు సెకన్లకు స్పీకర్ ప్రొటెక్షన్ రిలే (తేడా వస్తే స్పీకర్ లైను తెంపే స్విచ్) టక్కుమంది. చిన్న స్పీకర్ తగిలించి ఒక నిమిషం పాట వినిపించాడు. "టెన్షన్ వద్దు, రిలే ఉంది, మీ వూఫర్‌కు ఏం కాదు" అన్నాడు. క్రాస్ఓవర్ కోసం, అంటే సబ్‌కు బాస్ మాత్రమే పంపడానికి, ఫిల్టర్ బోర్డు కూడా 450కి అక్కడే తీసుకున్నాను.

ఇంట్లో బిగించిన మొదటి రోజే సబ్‌లోంచి గాయకుడి గొంతు వినపడింది. 80 హెర్ట్జ్ దగ్గర కోత పడాల్సిన ఫిల్టర్‌లో గొంతుకేం పని? బోర్డు తిప్పి చూస్తే 104 అని ఉండాల్సిన కెపాసిటర్లు నాలుగూ 103. అంటే 100 నానోఫారడ్‌ల చోట 10. విలువ పదో వంతైతే కోత పదింతలు పైకి పోతుంది, 80 కాస్తా 800 అయింది. ఇది చిన్న సంగతే, నాలుగు కెపాసిటర్లు మార్చేసరికి సరిపోయింది. నిజానికి అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పదకొండో రోజు సాయంత్రం ధబ్బుమని శబ్దం వచ్చింది. చూస్తే వూఫర్ కోన్ ముందుకు పొడుచుకొచ్చి అక్కడే బిగుసుకుపోయింది. వైండింగ్ కాలిన వాసన. నేను లేచి ప్లగ్ పీకేలోపే దుమ్ము మూత కింద నుంచి సన్నగా పొగ. ఐసీ లోపల షార్టై, సప్లైలోని డీసీ నేరుగా కాయిల్ మీద పడింది. 33 వోల్టులు, కాయిల్ 3.5 ఓములు, లెక్క కడితే 300 వాట్ల పైచిలుకు, అంతా వేడే. సరిగ్గా ఇలాంటప్పుడే లైను తెంపడానికి కదా రిలే ఉన్నది!

బోర్డు విప్పి కిందికి తిప్పాను. రిలే కాంటాక్టుల రెండు కాళ్ల మధ్య సన్నటి రాగి తీగ ముక్క, నీటుగా టంకం పెట్టి ఉంది. పాత బోర్డులో కాంటాక్టులు పోతే వాటిని తీగతో కలిపేసి, కడిగి, కొత్తదని అమ్మారన్నమాట. రిలే టక్కుమంటుంది, కానీ దేన్నీ తెంపదు. హీట్‌సింక్ తీస్తే ఐసీ వెనక వేడి లాగడానికి పూసే పేస్టు ఎండిపోయి ఉంటే, దాని మీదే కొత్త పేస్టు.

ఇందులో నా తప్పూ ఉంది. ఈ ఐసీకి 4 ఓముల లోడు పెడితే డేటాషీట్ చూపేది ప్లస్ మైనస్ 27 వోల్టులు, అప్పుడు వచ్చేది 70 వాట్లు. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే డయోడ్ల తర్వాత 33 వోల్టులు వస్తాయి. "తట్టుకుంటుంది" అని షాపు ఓనరంటే సరేనన్నాను. అసలు 5 ఆంపియర్ల ఆ ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం కలిపి ఇవ్వగలిగేది 240 వీఏ (వోల్ట్-ఆంపియర్లు), అందులోంచి 600 వాట్లు ఎలా వస్తాయని కూడా ఆలోచించలేదు. పైగా వంటింటి కాటా మీద పెడితే అది 1.9 కేజీలే తూగింది. రాగి చుట్టినదైతే మూడు కేజీల పైనే ఉండాలి. వైండింగ్ కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం, టంకం అంటుకోనే లేదు.

తిరిగి తీసుకెళ్తే ఆయన తెలుగు మర్చిపోయాడు. గోడ మీది "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" బోర్డు చూపించాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో గడువేమీ రాయకపోతే లోపమున్న సరుకును 30 రోజుల్లో వెనక్కి తీసుకోవాల్సిందే. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే. ఆ మాటే అన్నాను. నవ్వి, "బిల్లు ఏది బ్రదర్?" అన్నాడు. నా చేతిలో ఉన్నది షాపు పేరు లేని తెల్ల కాగితం ముక్క. జీఎస్టీ కలిపితే ఎక్కువవుతుందంటే నేనే వద్దన్నాను. పక్కా బిల్లు ఉన్నవాళ్లయితే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు.

అదే రోడ్డులో మంచి షాపులూ ఉన్నాయి, విడిభాగాలు ఇప్పటికీ అక్కడే కొంటున్నాను. కానీ తయారు బోర్డు తీసుకుంటే డబ్బులిచ్చే ముందే వెనక్కి తిప్పి రిలే కాళ్లు చూడండి. ఇంటికొచ్చాక వూఫర్ తగిలించకుండా, ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే కరెంటు లైనులో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారాలి, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్. తర్వాత అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి, 50 మిల్లీవోల్టులు దాటితే వూఫర్ జోలికి పోకండి. ఇదంతా చేసినా నా బోర్డు ఆ రోజు పాసయ్యేదే, ఆ తీగ ముక్క ఒక్కటే దొరికించేది.

బోర్డు పారేయలేదు, నా దగ్గరే ఉంది. కేఆర్ పురం వైపు ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే ఆ తీగ చూపిస్తాను.