సైకోపై, సైక్‌టూల్‌బాక్స్: మిల్లీసెకన్ల పట్టింపు ఉన్న ప్రయోగానికి ఏది?

ఇవి రెండూ మనోవిజ్ఞాన ప్రయోగాలను కంప్యూటర్లో నడిపే సాఫ్ట్‌వేర్లు. సైకోపై పైథాన్‌తో నడుస్తుంది, ఉచితం. కోడ్ రాయనివాళ్లకు, మౌస్‌తోనే ప్రయోగం కూర్చుకునే బిల్డర్ ఉంది. సైక్‌టూల్‌బాక్స్‌కు మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు కావాలి, లేదంటే ఉచితంగా దొరికే ఆక్టేవ్.

టైమింగ్‌లో తేడా జనం అనుకునేంత లేదు. సైకోపై కొత్త వెర్షన్లలో కీబోర్డు, ఆడియో పని చూసేది సైక్‌టూల్‌బాక్స్ ఇంజనే (ఆడియోకి పీటీబీ, అంటే సైక్‌టూల్‌బాక్స్, ఎంచుకుంటేనే సుమా).

బొమ్మ చూపడంలో రెండింటినీ కట్టేసేది తెరే. 60 హెర్ట్జ్ అయితే, అంటే సెకనుకు 60 సార్లు తెర మారితే, ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. 40 కావాలంటే కుదరదు: 33 లేదా 50. అందుకే సైకోపైలో సెకన్లు కాకుండా ఫ్రేములు లెక్కపెట్టండి. సైక్‌టూల్‌బాక్స్ ఫ్లిప్‌కు (బొమ్మను తెర మీదికి తెచ్చే ఆదేశానికి) ఇచ్చే సమయం, అనుకున్న క్షణం కన్నా అర ఫ్రేము ముందుగా ఉండాలి. సరిగ్గా ఆ క్షణమే ఇస్తే ఆవగింజంత తేడాకే బొమ్మ తర్వాతి ఫ్రేముకు జారుతుంది.

సైక్‌టూల్‌బాక్స్ మొదట్లోనే తెరతో తన సమయం కలుస్తోందో లేదో చూసే సింక్ పరీక్ష చేసి, తేడా కనిపిస్తే ఆగిపోతుంది. చిరాకే, కానీ దాని అసలు బలం అదే. పరీక్షను దాటవేసే సెట్టింగు కోడ్ సరిచూసుకోవడానికే తప్ప డేటా సేకరణకు కాదు.

ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల నమోదు) యంత్రానికి ఏది ఎప్పుడు జరిగిందో చెప్పే ట్రిగ్గర్లు పంపాల్సి ఉంటే లినక్స్ మీద సైక్‌టూల్‌బాక్స్. ప్రతిస్పందన సమయాలే చాలనుకుంటే సైకోపై. సెకనుకు 125 సార్లే కంప్యూటర్‌కు కబురందే (125 హెర్ట్జ్) యూఎస్‌బీ కీబోర్డు తెచ్చే 8 మిల్లీసెకన్ల అనిశ్చితిని రెండూ తీయలేవు. అది తగ్గాలంటే ప్రతిస్పందనల కోసమే చేసిన బటన్ బాక్స్ కొనాల్సిందే. ఏది వాడినా, తెర మూలన ఫోటోడయోడ్ (వెలుగును పసిగట్టే సెన్సర్) పెట్టి, బొమ్మ నిజంగా ఎప్పుడు కనిపిస్తోందో కొలిచాకే మొదలుపెట్టండి.