దుఃఖానికి ఒక నోటుపుస్తకం: చాలాకాలం వాడిన తరువాత

నా భర్త పోయిన తరువాత నాకు అందిన సలహాల్లో చాలా వరకు "ధైర్యంగా ఉండాలి", "కాలమే మాన్పుతుంది" అన్న రెండు మాటల దగ్గరే ఆగిపోయేవి. చేతికి పని చెప్పిన సలహా మాత్రం ఒక్కటే వచ్చింది: మనసులో తిరుగుతున్నదాన్ని రోజూ కాసేపు కాగితం మీద పెట్టమని ఒక కౌన్సెలర్ చెప్పారు. ఏళ్ల తరబడి ఆ పద్ధతిని పాటించిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. బాధ తగ్గుతుందన్న ఆశతో మొదలుపెట్టేవారికి ఇది నిరాశే మిగల్చవచ్చు. వేళాపాళా లేకుండా వచ్చిపడే దుఃఖానికి రోజులో ఒక వేళ కేటాయించుకోవాలనుకునేవారికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఈ పద్ధతికి మూలం అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ సహ పరిశోధకురాలితో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగం. కాలేజీ విద్యార్థులను, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి, అప్పుడు తమకు కలిగిన భావాలతో సహా, వరుసగా 4 రోజులు రోజుకు 15 నిమిషాల చొప్పున రాయమన్నారు. రాసిన వెంటనే వారి మనసు మరింత కుంగింది. ఆ తరువాతి నెలల్లో మాత్రం వారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లవలసి రావడం తగ్గింది. ఇందులో మొదటి భాగం నా అనుభవంలో అక్షరాలా నిజం. రాసి లేచిన అరగంట వరకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. అందుకే పడుకునే ముందు రాయవద్దని గట్టిగా చెబుతాను. సాయంత్రం వెలుతురు ఉండగానే రాసి, వెంటనే నడకకో, ఇంటి పనికో లేవడం మేలు.

ఒక సంగతి దాచకూడదు. ఆత్మీయులను పోగొట్టుకున్నవారి మీదే ప్రత్యేకంగా జరిగిన కొన్ని పరిశోధనల్లో, ఇలా రాయడం వల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. ఆసుపత్రిలో గడిచిన చివరి రాత్రినే మళ్లీ మళ్లీ రాస్తూ, "ఇంకొంచెం ముందుగా తీసుకెళ్లి ఉంటే" అన్న వాక్యం దగ్గరికే ప్రతిసారీ చేరుకునేదాన్ని. పేజీలు నిండేవి గాని, ఆలోచన ఉన్నచోటు నుంచి కదిలేది కాదు.

నోటుపుస్తకం నాకు నిజంగా ఉపయోగపడింది దాన్ని రెండుగా విభజించిన తరువాతే. మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, వియోగంలో ఉన్న మనిషి పోయినవారి తలపులకూ, మారిపోయిన జీవితాన్ని చక్కదిద్దుకునే పనులకూ మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. ఆ తిరగడమే ఆరోగ్యకరం, ఏదో ఒక వైపే ఉండిపోవడం కాదు. ఈ సంగతి తెలిశాక ఎడమ పేజీని ఆయనకూ, కుడి పేజీని పనులకూ కేటాయించాను. కుడి పేజీలో బ్యాంకు పత్రాలు, కరెంటు బిల్లు పేరు మార్పు, ఆయన మాత్రమే చూసుకునే మరమ్మతులు ఉండేవి. మరణ ధ్రువీకరణ పత్రం అందజేసిన తరువాత కూడా ఒక కార్యాలయం, ఖాతాదారు స్వయంగా వచ్చి సంతకం చేయాలని ఉత్తరం పంపింది. కుడి పేజీలో ఒక పనిగా మొదలుపెట్టిన ఆ ఉత్తరం ప్రస్తావన, ఆయన సంతకం చివర గీసే పొడుగాటి గీత గుర్తుకు రావడంతో, ఎడమ పేజీలోకి పాకి దాన్ని పూర్తిగా నింపేసింది. కోపంతో మొదలై ఏడుపుతో ముగిసిన ఆ పేజీ తరువాత, చాలాకాలానికి మొదటిసారి ఆసుపత్రి కాకుండా ఆయనే గుర్తుకొచ్చారు.

దుఃఖం కోసమని ప్రత్యేకంగా అచ్చువేసిన పుస్తకాలు కూడా వాడి చూశాను. నా దగ్గరికి వచ్చిన ఒకటి నిరాకరణ, కోపం, బేరసారాలు, కుంగుబాటు, అంగీకారం అన్న 5 దశలను 5 అధ్యాయాలుగా పెట్టి, ఒకటి ముగించాకే రెండోది తెరవమంటుంది. మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ దశలను వివరించింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి; వాటిని వెనుక మిగిలినవారికి కొలబద్దగా పెట్టడం నాకు సబబుగా తోచదు. అంగీకారం అధ్యాయానికి వచ్చిన వారంలోనే నాకు విపరీతమైన కోపం వచ్చింది, దాన్ని రాసుకోవడానికి ఆ పుస్తకంలో చోటే లేదు. సాదా గీతల పుస్తకం ఇంతకంటే ఎంతో నయం. ఫోన్ యాప్‌లు సరిగ్గా భోజనాల వేళ మోగి "ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?" అని నవ్వు బొమ్మలతో అడుగుతాయి, వాటి గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

ఇది వైద్యానికి బదులు కాదు. తీవ్రమైన బెంగ రోజువారీ జీవితాన్ని స్తంభింపజేస్తూ కొనసాగే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఒక రుగ్మతగా గుర్తిస్తుంది, అందుకు కనీసం 6 నెలల గడువు పెడుతుంది; అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022 నాటి ప్రమాణాలు పెద్దలకు 12 నెలలు అంటాయి. ఆ గడువులు రోగ నిర్ధారణ కోసమే గాని, సాయం అడగడానికి అంతకాలం ఆగమని కాదు. నిద్ర పూర్తిగా కరవైనవారు, బతకాలన్న కోరికే సన్నగిల్లినవారు నోటుపుస్తకం సంగతి తరువాత చూసుకుని, ముందు వైద్యుడినో కౌన్సెలర్‌నో కలవాలి. తక్కినవారు మొదటి వారం ఎంత భారంగా గడిచినా ఆ పద్ధతిని అప్పుడే తోసిపుచ్చకుండా, కుడి పేజీతో సహా కొన్నాళ్లు వాడి చూడవచ్చు.